నడిస్తే పేదవాడి కడుపు నిండుతుందా?



ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే మన ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం సందేశాలు మొదలవుతాయి. "మేమిద్దరం ఫలానా కొండలు, ఫలానా సముద్రతీరం కలిపి ఇన్ని వందల మైళ్ళు నడుస్తున్నాం, ఫలానా సంస్థ కోసం. దయచేసి స్పాన్సర్ చేయండి" అంటూ కింద ఒక జస్ట్‌గివింగ్ లింకు. పంపినవారు మన ఆఫీసులోని ఇంగ్లిష్ దంపతులు కావచ్చు, మన సంఘంలోనే కొత్తగా పెళ్ళయిన జంట కావచ్చు. మన మిల్టన్ కీన్స్‌కు సముద్రం లేదు, చెప్పుకోదగ్గ కొండా లేదు. అందుకే వాళ్ళు శనివారాలు రెడ్‌వేల మీద, విల్లెన్ లేక్ చుట్టూ, ఓపిక ఉంటే బో బ్రిక్‌హిల్ గుట్ట మీద నడిచి సాధన చేస్తుంటారు. మనం లింకు నొక్కి 20 పౌండ్లు ఇచ్చి, ఒక దండం బొమ్మ పెట్టి, మన పని మనం చూసుకుంటాం.

ఇదే సంగతి ఊళ్ళో ఉన్న అమ్మకో నాన్నకో ఫోన్లో చెప్పి చూడండి. "ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు కదా, నడవడం దేనికి? వాళ్ళు నడిస్తే పేదవాడి కడుపు నిండుతుందా?" అంటారు. నవ్వి ఊరుకోదగ్గ ప్రశ్న కాదు ఇది. ఈ నెల మీతో కలిసి దీని గురించే ఆలోచించాలని నా కోరిక.

మన తెలుగువాళ్ళకు నడక కొత్తేమీ కాదు. మొక్కు తీర్చుకోవడానికి గుణదల కొండకు నడిచి వెళ్ళేవారిని చూశాం. నాయకుల పాదయాత్రలు చూశాం. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు చేవెళ్ళ నుండి ఇచ్ఛాపురం వరకు నడిచింది మనలో చాలామందికి గుర్తే. అయితే అక్కడ నడిచినవాడి మొక్కు నడిచినవాడికే, ఓట్లు కూడా నడిచినవాడికే. ఇక్కడి సంగతి వేరు. నడిచేది ఒకరు, డబ్బు ఇచ్చేది మరొకరు, మేలు పొందేది ఇంకొకరు. ఈ ముగ్గురికీ మధ్య ఉన్న సంబంధం ఏమిటి? అమ్మ అడిగిన ప్రశ్నలో అసలు ముడి ఇదే.

ఒక మాట ముందే చెప్పుకుందాం. కాళ్ళు బొబ్బలెక్కినంత మాత్రాన దేవుని యెదుట పుణ్యం పోగుపడదు. మనం కృపచేతనే రక్షింపబడ్డామని నమ్ముతాం. కాబట్టి ఆ నడకకు విలువ ఉంటే అది నొప్పిలో మాత్రం కాదు. మరి ఎక్కడుందో వెతకాలి.

లెక్క వేసి చూస్తే

ముందుగా అమ్మ పక్షాన నిలబడి మాట్లాడదాం. 1972లో పీటర్ సింగర్ అనే తత్త్వవేత్త ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఒక వాదన పెట్టాడు. మన కళ్ళముందు నీటిలో మునిగిపోతున్న బిడ్డను బట్టలు పాడవుతాయని ఆలోచించకుండా ఎలా కాపాడతామో, దూరదేశంలో ఆకలితో ఉన్న బిడ్డ విషయంలోనూ మన బాధ్యత అంతే అన్నాడు. ఆ ఆలోచనల ప్రభావంతోనే 2009లో ఇక్కడికి దగ్గరలోని ఆక్స్‌ఫర్డ్‌లో "గివింగ్ వాట్ వి కెన్" అనే సంస్థ మొదలైంది. తమ సంపాదనలో కనీసం పదో వంతు ఇస్తామని సభ్యులు మాట ఇస్తారు. దశమభాగం మనకు తెలిసిన సంగతే. వారు అదనంగా అడిగేది ఒక్కటే: ఇచ్చిన ప్రతి పౌండు ఎంత మేలు చేసిందో లెక్క చూడండి అని.

ఆ లెక్క ప్రకారం ఇద్దరు ఐటీ ఉద్యోగులు మూడు వారాలు జీతం లేని సెలవు పెట్టి, కొత్త బూట్లు, గుడారం, రైలు టికెట్లు కొని, చివరికి 2 వేల పౌండ్లు పోగుచేశారనుకోండి. ఆ మూడు వారాలు ఇంట్లో కూర్చుని మామూలుగా పనిచేసి జీతం మొత్తం ఇచ్చేసి ఉంటే అంతకు మించి ఇచ్చేవారు. దూరదేశాల పర్వతాలకు తీసుకెళ్ళే కొన్ని ఛారిటీ యాత్రల్లో, కనీసం ఇంత పోగుచేయాలని పెట్టిన సొమ్ములో కొంత భాగం నడిచేవారి ప్రయాణ ఖర్చులకే పోతుంది. అంటే మనం ఇచ్చిన 20 పౌండ్లలో కొంత వారి విహారయాత్రకు చందా అన్నమాట. అమ్మ అనుమానం నిజమే. ఇలాంటి చోట నడక పేదవాడి కడుపు నింపదు సరికదా, అతని కంచంలోంచి కాస్త తీసుకుంటుంది.

సరే, ఈ లెక్కనే మరింత పెద్ద నడక మీద పెట్టి చూద్దాం.

10 పౌండ్లతో బయలుదేరినవాడు

క్రిస్ లూయిస్ స్వాన్సీకి చెందిన మాజీ పారాట్రూపర్. సైన్యం నుండి వచ్చాక జీవితం చెదిరి, నిరాశలో కూరుకుపోయిన రోజుల్లో సైనికులకూ వారి కుటుంబాలకూ సహాయం చేసే సాఫా అనే సంస్థ ఆయనకు ఆసరాగా నిలిచింది. 1885 నుండి ఉన్న సంస్థ అది. దానికోసం బ్రిటన్ తీరమంతా నడుస్తానని 2017 ఆగస్టు 1న వేల్స్‌లోని ల్లాంగెనిత్ సముద్రతీరం నుండి ఆయన బయలుదేరాడు. జేబులో 10 పౌండ్లు, వీపున ఒక గుడారం. దారిలో జెట్ అనే కుక్క తోడైంది. కొండలు నేరుగా సముద్రంలోకి దిగే స్కాట్లాండ్ పశ్చిమ తీరం, దీవులు, చలికాలపు గాలులు దాటుకుంటూ షెట్లాండ్ దాకా చేరాడు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హిల్డసే అనే మనుషులు లేని చిన్న ద్వీపంలో కొన్ని నెలలు గడిపాడు. ఆ తర్వాత స్కాట్లాండ్ తీరంలోనే కేట్ బారన్ అనే ఉపాధ్యాయిని ఆయనకు పరిచయమైంది. ఆమె ఉద్యోగం వదులుకుని ఆయనతో కలిసి నడవడం మొదలుపెట్టింది. 2022లో వారికి బాబు పుట్టాడు. 2023 జూలైలో ఆ కుటుంబమంతా కలిసి, ఆయన బయలుదేరిన తీరానికే తిరిగి చేరుకుంది. పోగైన సొమ్ము 5 లక్షల పౌండ్లకు పైమాటే.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. 5 లక్షలను ఆరేళ్ళతో భాగిస్తే ఏడాదికి సుమారు 83 వేలు. మన సంఘాల్లో ఇద్దరూ ఉద్యోగం చేసే కొన్ని ఇళ్ళ వార్షిక సంపాదన అంతకంటే ఎక్కువే ఉంటుంది. లెక్క ఒక్కటే చూస్తే ఆ ఆరేళ్ళు అంత గొప్పవిగా కనిపించవు.

అయితే లెక్కకు అందనిది ఒకటుంది. 10 పౌండ్లతో ఆరేళ్ళు ఎవరూ బతకలేరు. దారిలో తలుపు తీసినవారు, వేడి భోజనం పెట్టినవారు, నిర్జన ద్వీపానికి పడవలో సరుకులు తెచ్చిపెట్టినవారు లేకపోతే ఆ నడక మొదటి చలికాలంలోనే ఆగిపోయేది. ఇతరులకోసం అడగడానికి బయలుదేరిన మనిషి ముందుగా తానే పుచ్చుకునేవాడయ్యాడు. నడక విలువ ఇక్కడ ఉందని నాకు అనిపిస్తుంది. అది ఇచ్చేవాడిని ఎత్తైన చోటునుండి కిందికి దించి, పుచ్చుకునేవాడి పక్కన నిలబెడుతుంది.

సంచి లేకుండా, ఇద్దరిద్దరుగా

మార్కు సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు పన్నెండుమందిని పంపిన తీరు గమనించండి. ఇద్దరిద్దరుగా పంపాడు. చేతికర్ర తప్ప ఏమీ వద్దన్నాడు. రొట్టె వద్దు, సంచి వద్దు, నడికట్టులో డబ్బు వద్దు. రోగులను బాగుచేయడానికి, దయ్యాలను వెళ్ళగొట్టడానికి అధికారం పొందినవాళ్ళు వాళ్ళు. ఆ ఊరికి ఇవ్వగలిగినది వాళ్ళ దగ్గర ఎంతో ఉంది. అయినా రాత్రి భోజనానికి ఆ ఊరివారి తలుపే తట్టాలి. ఎదుటివాడి ఇంటి గంజి తాగకుండా అతనికి మేలు చేసి వెళ్ళిపోయే వీలు ప్రభువు వారికి ఇవ్వలేదు.

ఇద్దరిద్దరుగా ఎందుకు? కారణాలు చాలా చెప్పవచ్చు. నాకు కనిపించేది ఒకటి. ఒంటరిగా నడిచేవాడు తన వేగంతో నడుస్తాడు. ఇద్దరు నడిస్తే బలహీనుడి వేగమే ఇద్దరి వేగం అవుతుంది. భార్య గర్భవతి అయితే మైళ్ళ లెక్క పక్కన పెట్టాలి. బిడ్డ ఏడిస్తే ఆగాలి. దూరంలో ఉన్న పేదవాడికోసం నడుస్తూ పక్కనున్న మనిషిని వెనక వదిలేస్తే ఆ నడకకు అర్థం లేదు. దాంపత్యం తెలిసినవారికి ఈ మాట వివరించనవసరం లేదు.

ఇలాంటి నడక మన తెలుగు నేల మీదా జరిగింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే నడుచుకుంటూ తెలంగాణలోని పోచంపల్లికి చేరారు. ఆయన దగ్గర పంచిపెట్టడానికి సెంటు భూమి కూడా లేదు. అక్కడి దళిత కుటుంబాలు తమ బతుకుతెరువుకు 80 ఎకరాలు కావాలన్నాయి. ఆయన ఊరివారినే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి అనే భూస్వామి 100 ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానోద్యమం అలా పుట్టింది. కారులో వచ్చిన అధికారి అడిగితే ఆ మాట వచ్చేదా? ఖాళీ చేతులతో నడిచి వచ్చి, ఆ ఊరి అన్నం తిన్నవాడు అడిగాడు కాబట్టి వచ్చిందని నేను అనుకుంటాను.

ఆ కథలో రెండో భాగమూ ఉంది. తర్వాతి ఏళ్ళలో దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా ప్రకటించారు. అందులో చాలా భూమి పేదల చేతికి చేరనే లేదు. కొంత సాగుకే పనికిరానిది. మాట ఇవ్వడం వేరు, ముట్టజెప్పడం వేరు. ఈ తేడా అపొస్తలుడైన పౌలుకు బాగా తెలుసు.

పౌలు నడిచిన దారి

యెరూషలేములోని బీద పరిశుద్ధులకోసం పౌలు గ్రీసు ప్రాంతపు సంఘాల్లో కానుక పోగుచేశాడు. కొరింథీయులు ఏడాది కిందటే ఉత్సాహంగా ఒప్పుకుని, తర్వాత జాప్యం చేశారు. మొదలుపెట్టినదాన్ని పూర్తి చేయండని 2 కొరింథీ 8వ అధ్యాయంలో వారిని మృదువుగానే అయినా గట్టిగా హెచ్చరించాడు.

ఆ సొమ్ము పంపడానికి పౌలు స్వయంగా వెళ్ళనవసరం లేదు. మీరు ఎంచుకున్నవారికి ఉత్తరాలిచ్చి పంపుతాను, తగునని తోస్తే నేనూ వెళ్తానని 1 కొరింథీ 16లో ముందే రాశాడు. అయినా చివరికి తానే వెళ్ళాడు. అపొస్తలుల కార్యములు 20:4లో ఆయనతో ప్రయాణించిన ఏడుగురి పేర్లున్నాయి: సోపత్రు, అరిస్తర్కు, సెకుందు, గాయియు, తిమోతి, తుకికు, త్రోఫిము. వారు వేర్వేరు ప్రాంతాల సంఘాలకు చెందినవారు. ఆ ప్రయాణంలోనే ఒక చిన్న వచనం ఉంది. త్రోయ నుండి మిగతావారు ఓడ ఎక్కారు. పౌలు మాత్రం ఆ సముద్రతీర ప్రాంతంలో అస్సు వరకు, సుమారు 20 మైళ్ళు, కాలినడకన వెళ్ళాడు. తానే అలా ఏర్పాటు చేశాడని లూకా రాశాడు గాని కారణం చెప్పలేదు. ముందు రాత్రంతా తెల్లవారేదాకా సంఘంతో మాట్లాడుతూనే ఉన్నాడు. యెరూషలేములో బంధకాలు కాచుకుని ఉన్నాయని ఆయనకు తెలుసు. ఆ దారిలో ఏం ఆలోచించాడో, ఏమని ప్రార్థించాడో మనకు తెలియదు. తెలిసినది ఒక్కటే. పేదలకోసం పోగైన కానుకతో సాగిన ప్రయాణంలో ఒక భాగాన్ని ఆయన తన కాళ్ళతో నడిచాడు.

యూదుల సంఘానికి అన్యజనుల సంఘం నుండి వెళ్తున్న కానుక అది. డబ్బు ఒక్కటే వెళ్తే అది సహాయం. మనుషులు వెంట వెళ్తే అది సహవాసం. ఈ రోజు మీకు కలిగినది వారి కొరతకు, రేపు వారికి కలిగినది మీ కొరతకు అని పౌలు అక్కడే సమానత్వం గురించి రాశాడు. ఇచ్చేవాడు ఎప్పటికీ ఇచ్చేవాడిగానే, పుచ్చుకునేవాడు ఎప్పటికీ పుచ్చుకునేవాడిగానే ఉండిపోయే ఏర్పాటు అది కాదు.

మనకు ఈ మాట కాస్త సూటిగా తగలాలి. ఇంగ్లండుకు వచ్చాక మనం ఇంటివైపు ఎప్పుడూ ఇచ్చేవాళ్ళమే. ఊరి మందిరానికి పైకప్పు, పాస్టరు గారి బిడ్డ ఫీజు, తుఫాను వస్తే బియ్యం. మంచిదే. అయితే ఊరి సంఘం నుండి మనం ఈ మధ్య ఏమి పుచ్చుకున్నాం? చివరిసారి వారి ప్రార్థన కోరి ఫోన్ చేసింది ఎప్పుడు?

ట్యూబ్‌లైటు మీద పేరు

ఇంకో చిక్కుంది. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్నాడు ప్రభువు (మత్తయి 6). జస్ట్‌గివింగ్ పేజీలో మాత్రం ఎవరు ఎంత ఇచ్చారో వరుసగా కనిపిస్తుంది. మన ఊరి మందిరాల్లో ట్యూబ్‌లైటు మీద, ఫ్యాను రెక్క మీద దాత పేరు పెయింటుతో రాయించడం మనకు తెలుసు. పేరు పెద్దదైనకొద్దీ వెలుగు తగ్గేది. పేజీ మారింది గాని అలవాటు మారలేదు.

అదే ప్రభువు మత్తయి 5లో మీ సత్క్రియలను మనుషులు చూడనియ్యండన్నాడు. చూసి తండ్రిని మహిమపరచాలని. రెంటికీ వైరం లేదు. నడిచేవారు కనబడక తప్పదు, కనబడితేనే పేదవాడి సంగతి నలుగురికీ తెలుస్తుంది. ఇచ్చేవారు కనబడనవసరం లేదు.

ఎందుకింత పట్టింపు అంటారా? ఆ పేర్ల జాబితాను మన సంఘంలో ఇంకొందరు కూడా చదువుతారు. వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడని విద్యార్థి చదువుతాడు. కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసి, వీసా అప్పు ఇంకా తీర్చుకుంటున్న చెల్లి చదువుతుంది. వరుసగా 50, 100 చూసి, తన 2 పౌండ్లు పెట్టడానికి చిన్నబోయి, ఏమీ ఇవ్వకుండా ఫోను పక్కన పెడుతుంది. కానుకపెట్టె ఎదుట కూర్చున్న ప్రభువు చూసింది ఆ రెండు కాసులనే. మన జాబితా ఆమెను ఇవ్వనివ్వకుండా చేస్తే, ఎన్ని వేలు పోగైనా ఆ రోజు సంఘం పేదదైనట్టే.

మన అమ్మమ్మలకు వేరే పద్ధతి తెలుసు. పూట పూటా అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవునికని వేరే డబ్బాలో వేసేవారు. ఆదివారం అందరి డబ్బాలూ ఒకే రాశిలో పడేవి. ఎవరి పిడికెడు ఎంతో ఎవరికీ తెలియదు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే కొలతతో ఇచ్చిన కానుక అది. ప్రతి పూటా తమ కంచంలో కాస్త తగ్గించుకుని ఇచ్చినది.

లెక్క అప్పజెప్పడం

మనకు పొరుగునే, బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని మార్స్‌టన్ మోర్టేన్‌లో 2020 ఏప్రిల్‌లో కెప్టెన్ టామ్ మూర్ అనే 99 ఏళ్ళ పెద్దాయన నడక చట్రం పట్టుకుని తన ఇంటి ఆవరణలో 100 సార్లు నడిచారు. అడిగింది వెయ్యి పౌండ్లు, వచ్చింది 3 కోట్ల 20 లక్షలకు పైగా. ఆ డబ్బు ఎన్‌హెచ్‌ఎస్ ఛారిటీలకు చేరింది. అయితే తర్వాత ఆయన పేరుమీద పెట్టిన ఫౌండేషన్ నిర్వహణలో కుటుంబీకుల వల్ల తప్పులు జరిగాయని, వారు సొంత లాభం పొందారని ఛారిటీ కమిషన్ 2024 నవంబరులో తేల్చింది. ముసలాయన నడక నిర్మలమైనది. దాని చుట్టూ తర్వాత పెరిగినదాని వల్ల మంచి మనసుతో ఇచ్చినవారు కూడా నొచ్చుకున్నారు. ఈ భారీ విరాళం విషయంలో ఎవరూ మమ్మల్ని వేలెత్తి చూపకూడదని, దేవుని యెదుటే కాక మనుషుల యెదుట కూడా సరిగ్గా ఉండాలని పౌలు ఏడుగురిని వెంటబెట్టుకుని వెళ్ళింది ఇందుకే. లెక్క చెప్పడం అవిశ్వాసం కాదు, అది కానుకలో భాగం.

మరి మనం ఏం చేద్దాం?

ప్రియులారా, ఈసారి లింకు వచ్చినప్పుడు మూడు సంగతులు అడుగుదాం. ప్రయాణ ఖర్చులు వాళ్ళే పెట్టుకుంటున్నారా? సొమ్ము నేరుగా సంస్థకే చేరుతుందా? నడక పూర్తయ్యాక ఎంత పోగైందో సంఘానికి చెబుతారా? అవునంటే సంతోషంగా ఇద్దాం. పన్ను కట్టేవాళ్ళమైతే గిఫ్ట్ ఎయిడ్ గడి తప్పకుండా నింపుదాం, మన 20 పౌండ్లు సంస్థకు 25 అవుతాయి. పేరు, మొత్తం కనబడకుండా దాచుకునే వీలు అక్కడే ఉంది, దాన్ని వాడుకుందాం.

నడవబోయే జంటకు ఒక మనవి. మీ ప్రయాణంలో కనీసం ఒక పూట ఎవరి చేతి అన్నమైనా తినండి. దారిలో కనిపించే చర్చి తలుపు తట్టండి. కొండమీద ఆపద వస్తే మీకోసం వచ్చే మౌంటెన్ రెస్క్యూవారు జీతం లేని స్వచ్ఛంద సేవకులని గుర్తుంచుకోండి. ఇంగ్లండులో అన్నిటికంటే ఎత్తైన స్కాఫెల్ పైక్ శిఖరం కూడా ఒక కానుకే. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన ఆ ప్రాంతపు యువకుల జ్ఞాపకార్థం 1919లో లార్డ్ లెకన్‌ఫీల్డ్ దాన్ని నేషనల్ ట్రస్టుకు ఇచ్చాడు. మీరు ఇవ్వడానికి ఎక్కే కొండ కూడా పుచ్చుకున్నదే.

అమ్మకు ఇప్పుడేం చెప్పాలి? నడిస్తే పేదవాడి కడుపు నిండదు, అమ్మ అన్నది నిజమే. కడుపు నింపేది అన్నమే. ఆ అన్నం ఎవరి చేతినుండి, ఏ మనసుతో వస్తుందన్నది కూడా పుచ్చుకునేవాడికి తెలుస్తుంది. తానూ ఒకనాడు ఆకలితో ఎవరి గుమ్మం ముందో నిలబడినవాడు వడ్డిస్తే, ఆ వడ్డన వేరుగా ఉంటుంది. ధనవంతుడై యుండి మనకోసం దరిద్రుడైన ప్రభువు మన దారుల్లో కాలినడకనే తిరిగాడు, సమరయ స్త్రీని తాగడానికి నీళ్ళు అడిగాడు.

ఇవ్వడానికి చేతులను, పుచ్చుకోవడానికి వినయాన్ని ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.